బండి దించాక టైరు రాసుకుంటోందా? క్యాంబర్ సరిచేయాలా, వీల్ మార్చాలా, ఫెండర్ మడవాలా

లోవరింగ్ స్ప్రింగ్స్ వేయించిన రోజు సాయంత్రం బండిని ఇంటి ముందు పెట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే కలిగే ఆనందం నాకు బాగా తెలుసు. ఫెండర్‌కీ (చక్రం మీద కప్పులా ఉండే బాడీ భాగం) టైరుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు రెండు వేళ్లకు తగ్గుతుంది, అదే కారు వేరే కారులా కనిపిస్తుంది. అసలు టెన్షన్ ఒక నెల తర్వాత మొదలవుతుంది.

నాది 2015 హోండా సిటీ. విజయవాడలో తిరిగే బండి, నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తుంది. 40 మి.మీ. దించి, 16×7 ఈటీ 35 అలాయ్స్ (16 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు, ఈటీ సంగతి కింద చెప్తాను) వేయించాను. నేనొక్కడినే నడిపినన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు. సంక్రాంతికి అమ్మానాన్నల్ని, చెల్లిని ఎక్కించుకుని, డిక్కీ నిండా సామాను సర్దుకుని బయల్దేరితే ప్రతి గతుకు దగ్గరా వెనక చక్రం ఫెండర్‌కు రాసుకుంటూ సర్రుమని శబ్దం. ఇంకోపక్క ముందు టైర్లు 9 వేల కిలోమీటర్లకే లోపలి అంచున తీగలు తేలాయి, బయట వైపు మాత్రం కొత్త టైరులా ఉంది. అలైన్‌మెంట్ చేసిన షాపులో "అంతా కరెక్ట్‌గానే ఉంది సార్" అన్నారు, ప్రింట్ అడిగితే ఇవ్వలేదు.

అప్పుడు అందరూ తలా ఒక సలహా ఇచ్చారు. ఒకరు క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో ఎంత వాలి ఉందన్నది) సరిచేసే బోల్ట్ అన్నారు, ఒకరు ఫెండర్ మడిపించమన్నారు, ఇంకొకరు క్యాంబర్ ప్లేట్లు తెప్పించుకోమన్నారు. అందులో సగం నా సమస్యకు సంబంధం లేనివే. అందుకే ఈ పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను. ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కడ్డీ), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే దూలం) ఉన్న బండ్లకు, అంటే సిటీ, స్విఫ్ట్, బలెనో, ఐ20, పోలో లాంటివాటికి ఇది వర్తిస్తుంది.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

అన్నిటికంటే ముందు, నిండు బరువుతో టైరు దేనికైనా తగులుతుందా లేదా. ఖాళీ బండి పక్కన నిలబడి వేలు పెట్టి చూసిన కొలతకు విలువ లేదు. వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, సామాను పెట్టి, అప్పుడు చూడాలి.

తర్వాత, పెట్టిన సెట్టింగ్ గతుకుల్లో నిలుస్తుందా. మన రోడ్ల మీద ఇది చాలా పెద్ద ప్రశ్న, బయటి దేశాల వీడియోలు చూసి పార్ట్స్ కొనేవాళ్లు దీన్ని మర్చిపోతారు. టైరు ఎంతకాలం వస్తుంది, క్యాబిన్‌లోకి శబ్దం వస్తుందా, రేపు బండి అమ్మేటప్పుడు మళ్లీ కంపెనీ స్థితికి తెచ్చుకోగలమా, ఇవి ఆ తర్వాత. ఖర్చును నేను కావాలనే చివర పెట్టాను, ఎందుకంటే ఇక్కడ తక్కువలో అయిపోయిందనుకున్న పని ఏడాది తిరక్కుండానే ఒక జత టైర్లు తినేస్తుంది.

ఇంకొకటి, ఎత్తు. నాలుగో తరం సిటీకి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 165 మి.మీ., అదీ ఖాళీ బండికి. 40 దించితే 125. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మి.మీ., వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, గంటకు 25 కి.మీ. వేగంతో దాటేలా. కాలనీల్లో పోసే సిమెంటు దిమ్మలకు ఆ ప్రమాణంతో పని లేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మనుషులు ఎక్కితే బండి ఇంకా కిందికి దిగుతుంది. కాబట్టి ఎంత దించాలి అనేది తేల్చుకోకుండా క్యాంబర్ దగ్గరికి వెళ్లకండి, ఎత్తు మారితే మిగతా కొలతలన్నీ మారిపోతాయి.

## దించితే లోపల ఏం జరుగుతుంది

ముందు నుంచి చూసినప్పుడు చక్రం పైభాగం బండి లోపలికి వాలి ఉంటే నెగెటివ్ క్యాంబర్. స్ట్రట్ బండిలో కింది ఆర్మ్ చక్రం వైపు కొంచెం కిందికి వాలి ఉంటుంది. బండిని దించితే ఆ ఆర్మ్ అడ్డంగా అవుతుంది, దాని కొన బయటికి జరుగుతుంది, చక్రం అడుగు భాగం బయటికి పోయి పైభాగం లోపలికి వాలుతుంది. 30, 40 మి.మీ. దించినప్పుడు ముందు చక్రాలు ఇంచుమించు −1° నుంచి −1.5° మధ్యలో ఆగడం మామూలే. ఇంకా దించితే ఆర్మ్ చక్రం వైపు పైకి లేస్తుంది, అక్కడి నుంచి లెక్క తిరగబడుతుంది: మలుపులో బండి ఒరిగినప్పుడు చక్రానికి ఇంకాస్త నెగెటివ్ రావాల్సింది పోయి పాజిటివ్ వైపు వెళ్తుంది. అందుకే బాగా దించిన స్ట్రట్ బండి చూడ్డానికి రేస్ కారులా ఉన్నా మలుపుల్లో కంపెనీ బండి కంటే అధ్వానంగా, తిప్పినంత తిరగకుండా నేరుగా ముక్కు చాపుతుంది.

వెనక టార్షన్ బీమ్‌కు ఈ గొడవ లేదు. రెండు చక్రాలూ ఒకే బీమ్‌కు ఉన్నాయి కాబట్టి బండి మొత్తం కిందికి దిగితే క్యాంబర్ దాదాపు అలాగే ఉంటుంది. వెనక టైరు ఫెండర్‌కు తగులుతోందంటే కారణం ఎత్తో వీలో అయ్యుంటుంది, క్యాంబర్‌ను అనుమానించక్కర్లేదు.

ఇక టో. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే టైర్లు లోపల తినేస్తే అందరూ క్యాంబర్‌ను తిడతారు, నిజానికి చాలాసార్లు దోషి టో. పైనుంచి చూసినప్పుడు చక్రాలు నేరుగా ముందుకు చూస్తున్నాయా, లోపలికో బయటికో తిరిగి ఉన్నాయా అన్నదే టో. బండి దించినప్పుడు టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ), కింది ఆర్మ్ వేర్వేరు వంపుల్లో కదులుతాయి, దాంతో టో చెడిపోతుంది. ఒక చక్రం పావు డిగ్రీ పక్కకు చూస్తుంటే ప్రతి కిలోమీటరుకూ ఆ టైరు సుమారు 4.4 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు. విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు, అంటే ఒక్క ప్రయాణంలో టైరును 1.2 కిలోమీటర్లు రోడ్డు మీద అడ్డంగా గీకినట్టే. దానికి −2° క్యాంబర్ తోడైతే ఆ గీకుడంతా లోపలి అంచు మీదే పడుతుంది. నా టైర్ల సంగతి ఇదే. తర్వాత వేరే చోట కొలిపిస్తే క్యాంబర్ −1.7°, టో మాత్రం బయటికి బాగా తెరుచుకుని ఉంది.

## ఫిట్‌మెంట్ లెక్క

వీల్ వెనక ఈటీ అని ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది, అదే ఆఫ్‌సెట్. అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. వెడల్పు పెరిగితే అందులో సగం బయటికి, సగం లోపలికి. పాత వీల్ 15×6 ఈటీ 45 అనుకుని లెక్క వేస్తే:

| కొత్త వీల్ | బయటికి వచ్చేది | స్ట్రట్ వైపు జరిగేది |
|---|---|---|
| 15×6.5 ఈటీ 45 | 6.4 మి.మీ. | 6.4 మి.మీ. |
| 16×7 ఈటీ 45 | 12.7 మి.మీ. | 12.7 మి.మీ. |
| 16×7 ఈటీ 40 | 17.7 మి.మీ. | 7.7 మి.మీ. |
| 16×7 ఈటీ 35 | 22.7 మి.మీ. | 2.7 మి.మీ. |
| 16×7.5 ఈటీ 35 | 29 మి.మీ. | 9 మి.మీ. |

ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 600 మి.మీ. చుట్టుపక్కల వ్యాసం ఉన్న టైరుకు ఒక డిగ్రీ నెగెటివ్ పెంచితే పైభాగం లోపలికి వెళ్లేది దాదాపు 5 మి.మీ., ఎక్కడి నుంచి వంచుతున్నామన్న దాన్ని బట్టి 7 వరకు. అంటే ఈటీ 35 వీల్ తెచ్చిన 22.7 మి.మీ.ని క్యాంబర్‌తో సర్దుకోవాలంటే మూడు, నాలుగు డిగ్రీలు వంచాలి. రోజూ తిరిగే బండికి అది టైర్లను చేజేతులా పాడుచేసుకోవడమే. నాకు ఈ లెక్క ముందే తెలిసుంటే ఆ వీల్స్ కొనేవాణ్ని కాదు. క్యాంబర్‌తో రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న సర్దుబాటు చేసుకోవచ్చు, తప్పు వీల్‌ను ఒప్పు చేయలేం.

టైరు వ్యాసం కూడా చూసుకోండి. సిటీకి కంపెనీ ఇచ్చిన 175/65 ఆర్15 వ్యాసం 608.5 మి.మీ., 185/55 ఆర్16 అయితే 610. 195/50 ఆర్16 వేస్తే 601 అవుతుంది, ఫెండర్ దగ్గర మూడున్నర మి.మీ. కలిసొస్తుంది, స్పీడోమీటర్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. 195/55 ఆర్16 అయితే 621, దించిన బండిలో అది వద్దు. టైరు మీద లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైరు మోయగల బరువును చెప్పే అంకె) కంపెనీ టైరు కంటే తగ్గకూడదు, 84 అంటే 500 కిలోలు, 83 అంటే 487. వెడల్పు రిమ్ము మీద సన్న టైరును సాగదీసి ఎక్కించడాన్ని నేను సలహాగా ఇవ్వను, మన గతుకుల్లో రిమ్ము అంచు నేరుగా దెబ్బ తింటుంది.

## ఒక్కో పద్ధతి

### టో మాత్రమే సరిచేయించి వదిలేయడం

కంపెనీ వీల్స్ మీదే ఉండి 25, 30 మి.మీ. దించినవాళ్లలో చాలామందికి ఇది చాలు. స్ప్రింగ్స్ వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించకండి, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి అవి కూర్చున్నాక చేయించండి. దానికి ముందు ఒక పని ఉంది, మెకానిక్‌లు తరచూ వదిలేసేది: కింది ఆర్మ్‌ల బుష్‌ల బోల్ట్‌లు వదులు చేసి, బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా మళ్లీ బిగించాలి. జాకీ మీద గాలిలో ఉన్నప్పుడు బిగిస్తే బండి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరగా చినిగిపోతుంది.

ఇందులో క్యాంబర్ ఎంత వచ్చిందో అంతే. ఎడమకూ కుడికీ మధ్య తేడా అర డిగ్రీ లోపు ఉంటే సంతోషంగా వదిలేయండి. అంతకంటే ఎక్కువుంటే, నెగెటివ్ తక్కువగా ఉన్న వైపుకు బండి లాగుతుంది, అప్పుడు కింది పద్ధతి కావాలి.

### క్యాంబర్ బోల్ట్

స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రం హబ్బును పట్టుకుని ఉండే ఇనుప భాగం) కలిపే రెండు బోల్ట్‌లలో ఒకదాని బదులు, నడుము సన్నగా ఉండి మధ్యలో ఉబ్బు ఉన్న బోల్ట్ వేస్తారు. దాన్ని తిప్పితే నకిల్ కొంచెం లోపలికో బయటికో వంగుతుంది. ఒకటిన్నర డిగ్రీల దాకా సర్దుకోవచ్చు. సిటీ, స్విఫ్ట్‌లలో రెండు బోల్ట్‌లు ఉంటాయి కాబట్టి పని జరుగుతుంది. పోలోలో స్ట్రట్ నకిల్‌లోకి దిగి ఒకే బోల్ట్‌తో బిగుస్తుంది, అక్కడ దీనికి చోటే లేదు, పోలోవాళ్లు నేరుగా ప్లేట్ల దగ్గరికి వెళ్లాలి.

నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే, అయినా రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, సన్నటి బోల్ట్ కాబట్టి పట్టు అంతా బిగింపు మీదే ఆధారపడుతుంది. బోల్ట్‌తో వచ్చిన కాగితంలో ఎంత టార్క్ (బిగించే బలం) రాసి ఉంటే అంతే, టార్క్ రెంచ్‌తోనే. ఎయిర్ గన్‌తో అంచనాగా బిగించి పంపేస్తే పెద్ద గుంటలో పడినప్పుడు జారుతుంది, బండి ఒక పక్కకు లాగడం మొదలయ్యాక గానీ తెలియదు. బిగించాక బోల్ట్ తల మీద, నకిల్ మీద కలిపి ఒక పెయింట్ గీత గీయించుకోండి. గీత విరిగి కనిపిస్తే జారిందని అర్థం.

రెండోది చాలామందికి తట్టదు. బోల్ట్‌తో నెగెటివ్ పెంచితే స్ట్రట్ ఉన్నచోటే ఉండి చక్రం మాత్రం దాని వైపు వాలుతుంది. అంటే ఫెండర్ దగ్గర చోటు పెరిగిన మేరకు స్ట్రట్ దగ్గర తగ్గుతుంది. ఈటీ 45 ఉన్న వెడల్పు వీల్ వేసుకుని లోపల ఇప్పటికే ఇరుగ్గా ఉంటే బోల్ట్ తిప్పిన వెంటనే టైరు స్ట్రట్‌కు తగలొచ్చు. అక్కడ 5 మి.మీ. కంటే తక్కువ సందుకు నేను ఒప్పుకోను.

### స్ట్రట్ రంధ్రం సాగదీయడం

మన ఆటోనగర్‌లో అడిగితే ముందు చెప్పేది ఇదే. రంధ్రాన్ని ఆకురాయితో అడ్డంగా సాగిన కోడిగుడ్డు ఆకారంలో కోసి, కంపెనీ బోల్ట్‌నే పక్కకు జరిపి బిగిస్తారు. ఖర్చు మెకానిక్ కూలీ మాత్రమే. బోల్ట్ పూర్తి లావుతో ఉంటుంది, అది మంచిదే. కానీ రంధ్రంలో దాన్ని పట్టి ఆపేది ఏదీ లేదు, బిగింపు రాపిడి ఒక్కటే. ఎంత కోశారో కొలత ఉండదు, ఎడమ వైపు ఒకలా కుడి వైపు ఒకలా వస్తుంది. వెనక్కి తిప్పుకోవాలంటే కొత్త స్ట్రట్ కొనాలి. రేసింగ్ వర్క్‌షాపుల్లో అనుభవం ఉన్నవాళ్లు జాగ్రత్తగా కోసి వాడతారు, అది వేరే సంగతి. కుటుంబాన్ని ఎక్కించుకుని 100లో వెళ్లే బండికి మాత్రం నేను చేయించను, మీరూ చేయించొద్దు.

### క్యాంబర్ ప్లేట్లు

స్ట్రట్ పై కొన బాడీకి కలిసేచోట రబ్బరు మౌంట్ తీసేసి, జరుపుకునే వీలున్న ప్లేట్ వేస్తారు. బానెట్ ఎత్తి నాలుగు స్క్రూలు వదులు చేసి జరిపితే చాలు, కొలత గీతలు కూడా ఉంటాయి. మొత్తం స్ట్రట్టే వాలుతుంది కాబట్టి టైరుకూ స్ట్రట్‌కూ మధ్య సందు మారదు. లోపల ఇరుగ్గా ఉన్న వెడల్పు వీల్స్‌కు ఇది పెద్ద వరం. బోల్ట్‌లా జారే భయం కూడా తక్కువ.

బాధ ఎక్కడంటే, చాలా ప్లేట్లలో రబ్బరు బదులు ఇనుప గోళపు బేరింగ్ ఉంటుంది. రోడ్డు మీది ప్రతి కంకర రాయీ క్యాబిన్‌లో వినిపిస్తుంది. దుమ్ము, వర్షపు నీళ్లు చేరితే అరిగి టకటకమని కొట్టుకోవడం మొదలవుతుంది, అప్పుడప్పుడు మార్చుకోవాల్సిన వస్తువు అది. రబ్బరు ఉన్న రకం దొరికితే ఇంట్లోవాళ్లకు కాస్త ఊరట. ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాక్‌కో, కోయంబత్తూరు దగ్గరి కరి స్పీడ్‌వేకో వెళ్లే అలవాటు ఉంటే ప్లేట్లు ఖర్చుకు తగినవే: అక్కడికి వెళ్లాక −2.5° పెట్టుకుని, తిరిగొచ్చేటప్పుడు −1.5°కు తెచ్చుకోవచ్చు. జరిపిన ప్రతిసారీ టో కూడా మారుతుందని మాత్రం గుర్తుంచుకుని, రెండు చోట్ల టై రాడ్ ఎన్ని చుట్లు తిప్పాలో ముందే రాసిపెట్టుకోవాలి.

### వెనక షిమ్‌లు

టార్షన్ బీమ్‌కు సర్దుబాటు బోల్ట్ ఉండదు. ఒకటే దారి, హబ్బు బీమ్‌కు కలిసేచోట వాలుగా కోసిన పలుచటి ప్లేట్ పెట్టడం. వెనక టో లేదా క్యాంబర్ తేడాగా ఉండి టైరు ఒక పక్కే అరుగుతుంటే, బీమ్ వంగలేదని నిర్ధారణ అయ్యాక, ఇది పనికొస్తుంది. అందం కోసం వెనక చక్రాలు వంచడానికి పెట్టించేవాళ్లను చూశాను, ఆ అందం కోసం హబ్బు బోల్ట్‌ల పట్టును పణంగా పెట్టడం నాకు నచ్చదు. పెట్టించేటట్టయితే షిమ్ హబ్బు ముఖాన్ని పూర్తిగా కప్పాలి, వాషర్లు పేర్చి సరిపెట్టే పని అసలు వద్దు. ఏబీఎస్ సెన్సర్ సందు కూడా చూసుకోవాలి.

వెనక వేర్వేరు ఆర్మ్‌లు ఉన్న పాత సివిక్ లాంటి బండ్లకు కథ వేరు, వాటికి పొడవు మార్చుకునే క్యాంబర్ ఆర్మ్‌లు దొరుకుతాయి, వాటికి అదే సరైన దారి.

### వీల్ మార్చడం, స్పేసర్లు

సమస్య ఆఫ్‌సెట్‌తో వచ్చి ఉంటే పరిష్కారం కూడా అక్కడే. నేను చివరికి చేసింది ఇదే, ఈటీ 35 జత అమ్మేసి 16×7 ఈటీ 42 తీసుకున్నాను. కొంచెం నష్టపోయినా వెనక రాసుకోవడం ఆ రోజుతో ఆగిపోయింది.

కొనేటప్పుడు పీసీడీ (ఎన్ని నట్లు, అవి ఎంత వ్యాసం వలయంలో ఉన్నాయన్న కొలత) ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. సిటీకీ స్విఫ్ట్‌కూ పీసీడీ 4×100 ఒకటే, మధ్య రంధ్రం మాత్రం సిటీకి 56.1, స్విఫ్ట్‌కు 54.1 మి.మీ. పోలోకు 5×100, 57.1. అలాయ్ రంధ్రం పెద్దదైతే ఆ సందు నింపే హబ్ రింగులు వేయించండి, లేకపోతే 90 దాటాక స్టీరింగ్ వణుకుతుంది, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. హోండావాళ్లు నట్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి: కంపెనీ వీల్ నట్లకు కూర్చునే ముఖం గుండ్రంగా ఉంటుంది, బయటి అలాయ్‌లకు సాధారణంగా శంఖాకారం కావాలి. పాత నట్లే వేసి పంపితే అవి సరిగా కూర్చోవు, దారిలో వదులవుతాయి.

స్పేసర్ అంటే దీనికి ఎదురు సమస్యకు మందు, చక్రం మరీ లోపల ఉన్నప్పుడు లేదా స్ట్రట్‌కు తగులుతున్నప్పుడు. 3 మి.మీ. వరకు పలుచటి ప్లేట్ పెట్టినా నట్టు కనీసం 8 చుట్లు తిరిగి బిగుస్తోందో లేదో లెక్కపెట్టండి. 12×1.5 మర (12 మి.మీ. లావు, చుట్టుకు 1.5 మి.మీ.) ఉన్న స్టడ్‌కు, అంటే నట్టు ఎక్కే కడ్డీకి, 8 చుట్లంటే 12 మి.మీ. పట్టు. అంతకంటే తగ్గితే పొడవు స్టడ్లు వేయించాలి. 10 మి.మీ. ప్లేట్లు పాత స్టడ్ల మీదే పెట్టి అమ్మేవాళ్లున్నారు, దయచేసి తీసుకోకండి.

### ఫెండర్ అంచు మడవడం

ఫెండర్ లోపలి పెదవిని వేడి చేసి రోలర్‌తో లోపలికి మడిస్తారు. కొన్ని మిల్లీమీటర్ల చోటు వస్తుంది, క్యాంబర్ ముట్టుకోనక్కర్లేదు. 2, 3 మి.మీ. తేడాతో, అదీ నిండు బరువులో మాత్రమే తగులుతుంటే ఇది చక్కటి మందు. తగులుతున్నది పెదవేనా అని ముందు చూసుకోండి, ఎందుకంటే చాలా బండ్లలో వెనక బంపరూ ఫెండరూ కలిసేచోటి స్క్రూయే టైరును కోస్తుంటుంది, దాన్ని సర్దితే సరిపోతుంది. పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే లోపల అక్కడక్కడా అంటించి, మనుషుల్ని ఎక్కించుకుని ఒక రౌండ్ తిరిగొస్తే ఎక్కడ తగులుతోందో అదే చూపిస్తుంది.

వేడి సరిపోకపోతే పెయింట్ చిట్లుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఆ చిట్లిన చోటు నుంచి తుప్పు లోపలికి పాకుతుంది. మడిచాక సీలెంట్ పూయించకుండా బండి తీసుకోవద్దు. ఒకసారి మడిచిన పెదవిని మళ్లీ పాత స్థితికి తేలేరు, కొనేవాడు చూసి ధర తగ్గిస్తాడు.

### 10 మి.మీ. పైకి లేపడం

ఎవరూ ఇష్టపడని పద్ధతి. కాయిలోవర్ (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ సెట్) ఉంటే పది నిమిషాల పని, స్ప్రింగ్స్ అయితే తక్కువ దించే జత కొనుక్కోవాలి. రాసుకోవడం, టో, క్యాంబర్, స్పీడ్ బ్రేకర్ అన్నీ ఒకేసారి కొంత బాగుపడతాయి, ఈ జాబితాలో ఇంకే పద్ధతికీ ఆ గుణం లేదు.

## పక్కపక్కన

| పద్ధతి | ఏ సమస్యకు | గతుకుల్లో నిలకడ | పాత స్థితికి రావడం |
|---|---|---|---|
| టో మాత్రమే | టైరు ఒక పక్క అరుగుదల | బాగుంది | అవసరం లేదు |
| క్యాంబర్ బోల్ట్ | ముందు ఎడమ, కుడి తేడా. ఒక డిగ్రీ సర్దుబాటు | టార్క్ సరిగా పెడితే పర్వాలేదు | సులువు |
| రంధ్రం కోయడం | అదే | నమ్మలేం | కొత్త స్ట్రట్ కావాలి |
| క్యాంబర్ ప్లేట్ | ఎక్కువ క్యాంబర్, ట్రాక్, లోపల ఇరుకు | బాగుంది, శబ్దం ఉంటుంది | సులువు |
| వెనక షిమ్ | వెనక టో, క్యాంబర్ తేడా | పూర్తి ముఖం షిమ్ అయితే బాగుంది | సులువే, పని ఎక్కువ |
| వీల్ మార్చడం | టైరు బయటికి రావడం | పూర్తిగా | పాత వీల్ ఉంచుకుంటే సులువు |
| ఫెండర్ మడవడం | 2, 3 మి.మీ. రాపిడి | పూర్తిగా | కుదరదు |
| ఎత్తు పెంచడం | దాదాపు అన్నీ కొంత కొంత | పూర్తిగా | సులువు |

## మీరు ఎవరైతే ఏది

రోజూ ఆఫీసుకు, వారాంతం కుటుంబంతో ఊళ్లకు వెళ్లేవాళ్లు 30 మి.మీ. దగ్గర ఆగి, కంపెనీ వీలో దానికి దగ్గరి ఆఫ్‌సెట్ ఉన్న వీలో వేసుకుని, టో సరిచేయించండి. ముందు రెండు వైపులా తేడా ఉంటేనే క్యాంబర్ బోల్ట్. ముందు −1° నుంచి −1.5°, టో దాదాపు సున్నా. ఇంతకంటే ఏదీ అక్కర్లేదు.

చక్రం ఫెండర్ అంచుకు సమంగా రావాలి, అదే అందం అనుకునేవాళ్లు, నేనూ ఈ జట్టే, వీల్ కొనకముందే ఫెండర్ అంచు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీసి, దారానికీ రిమ్ముకూ మధ్య దూరం నాలుగు చక్రాలకూ కొలవండి. ఎడమ, కుడి ఒకేలా ఉంటాయనుకోకండి, నా బండిలో వెనక 4 మి.మీ. తేడా ఉంది. తక్కువ చోటున్న వైపు కొలతకే వీల్ ఎంచుకుని, చివరి 2 మి.మీ.కి కావాలంటే ఫెండర్ మడిపించండి. −2° దాటితే ఆ వీల్ మీ బండిది కాదు.

ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు ప్లేట్లు, దానితోపాటు టైర్లు తరచూ మార్చే బడ్జెట్. పోలో ఉన్నవాళ్లకు వీధిలో తిరగడానికైనా ఎడమ, కుడి తేడా ఉంటే ప్లేట్లే దిక్కు, అందుకని రబ్బరు రకం కోసం కాస్త ఓపిగ్గా వెతకండి.

ఆరేడు డిగ్రీలు వంచి, బండిని నేలకు ఆనించి ప్రదర్శనకు పెట్టేవాళ్ల శ్రమను నేను తక్కువ చేయను, అందులో చాలా పనితనం ఉంది. ఆ బండి మీద వర్షంలో గట్టిగా బ్రేక్ వేస్తే రోడ్డును పట్టుకునేది టైరులో ఒక సన్నటి పట్టీ మాత్రమే. అది మీ రెండో బండి అయితేనే ఆ దారిలో వెళ్లండి.

చట్టం సంగతి కూడా తెలుసుకుని దిగండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీకి స్ప్రింగ్స్, వీల్స్ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. కంపెనీ స్ప్రింగ్స్, వీల్స్, నట్లు అటక మీద దాచిపెట్టుకోండి.

## షాపులో ఏం అడగాలి

అలైన్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు టైర్లలో గాలి సరిచూసి, ట్యాంకు సగం పైన నింపి, డ్రైవర్ సీట్లో మీ అంత బరువు పెట్టమనండి. పని వరుస ఇది: ఎత్తు, తర్వాత క్యాంబర్, ఆ తర్వాత స్టీరింగ్ నేరుగా పెట్టి లాక్ చేసి టో. టో ముందు చేసి క్యాంబర్ తర్వాత తిప్పితే చేసిన టో పోయినట్టే, మళ్లీ మొదటికొస్తుంది. నాలుగు చక్రాల క్యాంబర్, టో కలిపి ఎనిమిది అంకెలు ఉండే ప్రింట్, పని మొదలుపెట్టక ముందు ఒకటి, అయ్యాక ఒకటి తీసుకోండి. ప్రింట్ ఇవ్వలేమంటే వేరే షాపుకు వెళ్లండి.

నా బండి ఇప్పుడు ముందు ఎడమ −1.4°, కుడి −1.5°, టో రెండు వైపులా సున్నా, వెనక ముట్టుకోలేదు. 100 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు, క్యాంబర్ బోల్ట్‌లు మళ్లీ టార్క్ పెట్టించాను, పెయింట్ గీత కదల్లేదు. ముందు టైర్లు 14 వేల కిలోమీటర్లు తిరిగాక గేజ్ పెట్టి చూస్తే లోపల 5.1 మి.మీ., బయట 5.6. మొన్న దసరాకు నలుగురితో, డిక్కీ నిండా సామానుతో హైదరాబాద్ వెళ్లొచ్చాం, వెనక నుంచి ఏ శబ్దమూ లేదు.